వట్టిచేతుల విడుదల



దాసుని కట్లు విప్పినవాడు అంతటితో తన బాధ్యత తీరెనని చేతులు దులుపుకొనవచ్చునా? ఈ ప్రశ్న పాతదే గాని, మన పొలముల గట్లమీద నేటికిని నిలిచియున్నది.

మోషే ధర్మశాస్త్రము దీనికి స్పష్టమైన జవాబిచ్చెను. ఏడవ యేట దాసుని విడిపించు యజమానుడు తన మందలోనుండియు, కళ్లములోనుండియు, ద్రాక్షగానుగలోనుండియు అతనికి ఇచ్చి పంపవలెనని ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము విధించుచున్నది. ఏలయనగా ఆకలితో బయటికి పోయినవాడు ప్రొద్దుగ్రుంకకముందే మరల ఆ గుమ్మము ఎదుటికే వచ్చును. అప్పుడతని మెడకు కాడి మోపుటకు బలవంతము అక్కరలేదు, ఆకలియే మోపును.

ఈ మాట పెడచెవిని పెట్టిన దేశమునకు ఏమి జరిగినదో చూడుడి. అమెరికాలో బానిసత్వము కారణముగా 1861 నుండి 1865 వరకు అంతర్యుద్ధము జరిగెను. ఆరు లక్షలకు పైగా సైనికులు మరణించిరి. సుమారు 40 లక్షలమంది నల్లవారు విడుదల పొందిరి. 1865 జనవరిలో షెర్మన్ అను సేనాధిపతి, విడుదలైన కుటుంబములకు 40 ఎకరముల వంతున సముద్రతీర భూములు ఇయ్యవలెనని ఆజ్ఞాపించెను. ఆ సంవత్సరము గడవకముందే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూములను పాత యజమానులకే మరలించెను. విడుదలైనవారు ఆ పొలములనే పాలుకు దున్నిరి. విత్తనములు అప్పు, తిండిగింజలు అప్పు. పంట వచ్చునాటికి మిగిలినదియు అప్పే. వారి ఓటు హక్కును గట్టిగా కాపాడు చట్టము 1965లో గాని రాలేదు. నూరు సంవత్సరములు!

ఇది దూరదేశపు కథ అనుకొనకుడి. మన ఇబ్రహీంపట్నము మీదుగా హైదరాబాదుకు పోవు రహదారిని పట్టి, నందిగామ దాటి, కోదాడ దాటినచో సూర్యాపేట వచ్చును. 1948 వరకు అది నిజాము ఏలుబడి. దొర గడీనుండి పిలుపు వచ్చినచో చాకలివారు బట్టలుతకవలెను, కుమ్మరివారు కుండలియ్యవలెను, మాదిగలు చెప్పులు కుట్టియ్యవలెను, కూలి లేదు. దానిని వెట్టి అనిరి. తండ్రి చేసిన అప్పుకు కొడుకు ఊడిగము చేయుటను భగేలా అనిరి. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుష్యుల తుపాకిగుండుకు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. తరువాత రేగిన సాయుధ పోరాటము 1951 అక్టోబరు వరకు నిలిచెను. అందులో నాలుగు వేలమంది వరకు పోరాటకారులును రైతులును చనిపోయిరని పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాసిరి. రక్తము చిందించుటను నేను మెచ్చను. అయితే తరతరములుగా బిగించిన పిడికిలిని విప్పని వాడు, ఎదుటివాని పిడికిలిని మాత్రమే నిందించుట న్యాయము కాదు.

ఆ పోరాటము ముగియకముందే, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమిలేని హరిజన కుటుంబములు వినోబా భావేగారిని 80 ఎకరములు అడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇచ్చెదననెను. అడిగినదానికంటె ఎక్కువ! ఆ దినమున విడుదల వట్టిచేతులతో రాలేదు. అయితే తరువాత దేశమంతట దానముగా ప్రకటించిన భూములలో చాలభాగము బీదల చేతికి చేరనే లేదు. కొంత సాగుకు పనికిరాని రాళ్లనేల. నోటితో ఇచ్చుట వేరు, చేతికి అందించుట వేరు.

వెట్టిచాకిరిని 1976 నాటి చట్టము దేశమంతట రద్దు చేసి, దానికి మూలమైన అప్పులను కూడ కొట్టివేసెను. అయినను మనలో ఒకడు, “నేనెవరిని కట్టివేయలేదు, అతడే అడిగి తీసికొనెను” అనును. సహోదరుడా, బిడ్డ జ్వరమునకో కూతురి పెండ్లికో చేయిచాచినవాడు ఇష్టముతో అడిగెననుకొంటివా? ఇటుకబట్టీలో ముందుగా ఇచ్చిన సొమ్ము, పాలేరు పేర వ్రాసిన నోటు, ఇవి ఇనుప గొలుసులు కావు. కాని ఆ కాగితము తీరువరకు అతడు మరియొక చోటికి పోలేడు గదా!

కాబట్టి ఈ కోతలకాలమున కళ్లము ఎత్తకముందే ఇంటి పెట్టె తెరచి చూడుడి. కూలివానిని కట్టియుంచు కాగితమున్నచో చింపివేయుడి. ఏండ్ల తరబడి మీ చేను దున్నినవానికి రెండు సెంట్ల ఇంటిస్థలము అతని పేరనే రిజిస్ట్రీ చేయించి, దస్తావేజు అతని చేతికే ఇయ్యుడి. దానిని ధర్మమని పిలువకుడి. అది అతనికి ఎన్నడో చెల్లవలసిన బాకీ.