తన చేను – పొరుగు చేను

ఆపదలో ఆత్మరక్షణము ధర్మమని యెల్లరు నంగీకరింతురు. కాని యా రక్షణమే పొరుగువానిని ఆపదపాలు చేయునెడల దానిని ధర్మమనవచ్చునా? అనావృష్టికిని అతివృష్టికిని నడుమ నలుగుచున్న చిన్న రైతు నేడీ ప్రశ్న నెదుర్కొనుచున్నాడు.

అనంతపురము సీమను జూడుడు. అచట సాలుకు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ యెండిపోవుచుండగా రైతు అప్పు చేసి బోరుబావి వేయించును. పొరుగువాడు అంతకంటె లోతుగా వేయించును. మొదటి బావి యెండిపోవును. అప్పు మాత్ర మెండదు. పొలములకు గట్లు కలవు గాని, భూగర్భజలమునకు గట్లు లేవు. ఇరువురును కరవుతో పోరాడుచున్నామని తలంతురు. నిజమునకు ఒండొరులతోనే పోరాడుచున్నారు.

కొల్లేటి ప్రాంతమున నిదియే కథ తలక్రిందుగా నడచినది. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి యా సరస్సున బడును. మిగులునీరు ఉప్పుటేరు గుండ సముద్రము జేరును. సరస్సులో వెలసిన చేపల చెరువుల గట్లు నీటిదారి నరికట్టెను. వరదనీరు వెనుకకు దన్ని పరిసరపు పొలములపై బడెను. 2006లో ప్రభుత్వమే పూనుకొని యా గట్ల ననేకముగా పగులగొట్టింపవలసివచ్చెను.

“బిడ్డల కన్నము లేనివానికి పరహితము బోధించుట కడుపు నిండినవాని వేదాంతము గాదా?” యని కొందరడుగవచ్చును. ఆ యాక్షేపణలో సత్యము కలదు. 2004లో ఆంధ్రదేశమున వ్యవసాయపు బావులకు విద్యుత్తు ఉచితమయ్యెను. నీరు పొదుపు చేసినవానికి ప్రతిఫలమేమియు ఏర్పడలేదు. వరికున్నంత కొనుగోలు భరోసా కొఱ్ఱలకు, సామలకు లేదు. దారి చూపక నీతి చెప్పుట క్రౌర్యమే.

కాని దారి లేకపోలేదు. ఈ శతాబ్దపు మొదటి దశకమున ఏడు కరవు జిల్లాలలో రైతులు తామే వర్షమును, బావుల నీటిమట్టమును కొలిచి, రబీకి ముందు ఊరందరు గూడి నీటి జమాఖర్చు వ్రాసికొనిరి. ఎవ్వరిని ఎవ్వరును నిర్బంధింపలేదు. లెక్క కన్నులయెదుట నుండగా, పలువురు వరి తగ్గించి మెట్టపైరులు వేసిరి. అజ్ఞానము తొలగినచోట స్వార్థము సైతము కొంత మెత్తబడునని దీనివలన దెలియుచున్నది.

విత్తనమునందును ఈ నీతియే కలదు. మారుటేరులో బుట్టిన స్వర్ణ వరికి, ఒరిస్సా రైతులు తరతరములుగా కాపాడిన యొక నాటురకపు గుణమును జేర్చగా, రెండు వారముల ముంపునకు తాళగల వంగడ మేర్పడెను. 2009లో నది మనదేశమున విడుదలయ్యెను. అట్టి పైరు తాను నిలుచును. పొరుగు చేనిని ముంచదు. కట్ట యెత్తుటకును, ఇట్టి విత్తు చల్లుటకును గల భేద మిదియే.

ఇక మన గృహముల మాట. మూడు పూటలను తెల్లని వరియన్నమే కోరుచు, మెట్టరైతును “వరి మాను” మనుట న్యాయమా? వారమున కొన్ని పూటలైన కొఱ్ఱయన్నము, జొన్నరొట్టె మన పంక్తిలో జేరునేని, మన యుపదేశమునకు కొంత విలువ కలుగును. కష్టమును పొరుగువానిపైకి ద్రోయునది రక్షణము గాదు; దానిని పదిమందియు పంచుకొనునదే రక్షణము. ఆ పదిమందిలో భోజనము చేయువారును ఉన్నారని మరువరాదు.