మతి చెదిరినవాని పేరు



మతిస్థిమితము లేనివానిని మన పల్లెలలో పేరుపెట్టి పిలుచువారు అరుదు. "పిచ్చోడు" అందుము, అది చాలదన్నట్టు "ఎర్రగడ్డకు పంపాలె" అని నవ్వుకొందుము. హైదరాబాదులోని ఎర్రగడ్డ ఆసుపత్రి రోగులను బాగుచేయుటకు ఉన్నది. ఆ పేరును తిట్టుగా మార్చినవారము మనమే. ఈ నెల ఒక ప్రశ్నను మీ యెదుట ఉంచుచున్నాము: బుద్ధి చెదిరినప్పుడు మనుష్యుని విలువ తగ్గునా?

బెల్జియము దేశములోని ఘెంట్ పట్టణమున 1857లో మానసిక రోగులకొరకు ఒక ఆసుపత్రి తెరవబడెను. రోగిని ఖైదీవలె గాక రోగివలెనే చూడవలెనని పాటుపడిన జోసెఫ్ గిస్లేన్ అను వైద్యుని పేరు దానికి నిలిచినది. 1986 నుండి ఆ పాత కట్టడములో ఒక ప్రదర్శనశాల నడుచుచున్నది. మానసిక వైద్యము నడిచివచ్చిన త్రోవను అది చూపును. లోకము ప్రక్కకు నెట్టినవారు వేసిన చిత్రములను గౌరవముతో గోడలకెత్తును.

జర్మనీలోని హైడెల్‌బర్గులోను ఇటువంటి చిత్రశాల గలదు. 1919 మొదలు హాన్స్ ప్రింజ్‌హార్న్ అను వైద్యుడు అనేక ఆసుపత్రులనుండి రోగుల చిత్రములను వేలకొలది సేకరించెను. వానిలో ఫ్రాంజ్ కార్ల్ బ్యూలర్ అనువానివి పేరెన్నికగన్నవి. ఇతడు ఇనుపపనిలో నేర్పరి, మన మాటలో కమ్మరి. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో అతని పనితనమునకు బహుమానము వచ్చెను. పిమ్మట మతి చెదిరి, నలువది యేండ్లు ఆసుపత్రులలో గడిపెను. 1922లో ప్రింజ్‌హార్న్ ప్రకటించిన గ్రంథములో అతని చిత్రములు వచ్చెను గాని, పేరు రాలేదు, మారుపేరు వేసిరి. 1940లో హిట్లరు ప్రభుత్వము అతనిని గ్రాఫెనెక్ అను చోట విషవాయువుతో చంపించెను. 1940, 1941 సంవత్సరములలో 70,000 మందికి పైగా రోగులును వికలాంగులును ఇట్లే చంపబడిరి. పనికిరానివారనుటయే వారిపై మోపిన నేరము.

అది దూరదేశపు దుర్మార్గమని తీసివేయకుడి. "తిండికి చేటు, నేలకు బరువు" అను మాట మన నోటను లేదా? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రయములో నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడిన రోగులు పారిపోలేక కాలిపోయిరి. 28 మంది ప్రాణములు పోయెను. బాగుపడుదురను ఆశతోనే వారి ఇండ్లవారు అక్కడికి చేర్చియుందురు.

ఆ చిత్రములను చూచినవాడు, "ఇంత నేర్పు గలవానినా చంపిరి!" అనును. అది నిజమే గాని అక్కడ ఆగరాదు. బొమ్మ వేయనేరని రోగి మాటయేమి? నేర్పునుబట్టి ఒకనికి విలువ కట్టితిమా, పనినిబట్టి లెక్కకట్టిన ఆ హంతకుల తక్కెడనే మనమును పట్టుకొన్నవారమగుదుము. చిత్రము మనుష్యుని విలువకు సాక్ష్యమే గాని మూలము కాదు. దేవుడు తన స్వరూపమందు నరుని సృజించినప్పుడు, తెలివి నిలిచినంతవరకే అను షరతు పెట్టలేదు.

గెరాసేనుల దేశములో సమాధులమధ్య సంకెళ్లు తెంపుకొని తిరిగినవానిని జ్ఞాపకము చేసికొనుడి. ఊరివారు వానికి గొలుసు తెచ్చిరి. ప్రభువు వాని పేరడిగెను. బాగుపడిన పిమ్మట ఆయన వానిని ఇంటికి, తనవారియొద్దకు పంపెను. ప్రభువు పంపినవాడు వచ్చి తలుపు తట్టినయెడల మన ఇల్లు తెరచి యుండునా?

మా ముత్యంపేట చుట్టుపట్ల నేటికిని బాణామతి యనియు, గాలి సోకినదనియు మంత్రగాండ్ర వెంట తిరిగి, అప్పులపాలైన పిదపనే దవాఖాన తలచువారున్నారు. ప్రార్థనకు మందు విరోధి కాదు. జ్వరమునకు గోలీ మింగువారము మనస్సు జబ్బునకు మింగుటకు సిగ్గేల? 14416 అను టెలీమానస్ నంబరునకు ఫోను చేసినచో ఖర్చు లేకుండ తెలుగులోనే సలహా దొరకును. 2017 నాటి చట్టము రోగిని గొలుసుతో కట్టుటను నిషేధించినది. అయినను కాపలా కాయలేక అలసి తలుపు గడియవేయు తల్లిని నిందించుటకు ముందు, ఒక పూట ఆమెకు మారుగా మనము కూర్చుందము.

మీ వాడలో అట్టివాడున్నయెడల, ఈ ఆదివారము వానియొద్దకు పోయి, తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలువుడి. వాడు బదులు పలుకకపోవచ్చును. అయినను పిలువుడి.