మారినవానికి జామీను ఎవరు?



మన సీతాఫల్‌మండిలో ఫలక్‌నుమా బండి ఎక్కి మలక్‌పేటలో దిగితే చంచల్‌గూడ జైలు ఎంతో దూరం కాదు. అక్కడ జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకులో ఖైదీలూ, విడుదలైనవారూ పనిచేస్తున్నారు. ‘విద్యాదానం’ పథకం వల్ల వేలిముద్ర వేసే ఖైదీలెందరో సంతకం నేర్చారు. ఇవి నిజంగా మనిషిని మారుస్తాయా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని జవాబులో సగమే జైలు చేతిలో ఉంది, మిగతా సగం మన చేతిలో ఉంది. పని నేర్చి వచ్చినవానికి మనం పని ఇవ్వకపోతే, గది అద్దెకు ఇవ్వకపోతే, అతన్ని రమ్మని పిలిచేది పాత స్నేహితులే.

పునీత పౌలుగారు చెరలో ఉండగా ఒనేసిమును క్రీస్తులో తన బిడ్డగా చేసుకొన్నారు. అంతటితో తన బాధ్యత తీరిందనుకోలేదు. యజమాని ఫిలేమోను వద్దకు అతనిని పంపుతూ, సహోదరునిగా చేర్చుకొమ్మనీ, బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమనీ లేఖ రాశారు. మారినవానికి జామీను నిలిచే మనిషి కావాలి.

2024 డిసెంబరు 26న పోపు ఫ్రాన్సిస్‌గారు రోములోని రెబిబియా జైలులో జూబిలీ పవిత్ర ద్వారం తెరిచారు. మరి మన ఇంటి తలుపు మాటేమిటి?

నేరానికి శిక్ష ఉండవలసిందే. బాధితుల కన్నీటిని మరువరాదు. అయితే కోర్టు వేసిన శిక్ష ముగిశాక మనం మరో శిక్ష వేయరాదు. మన విచారణలో ఖైదీల కుటుంబాలుంటే వారి పిల్లలను ఎవరూ ఎగతాళి చేయకుండా చూడండి. దుకాణమో, కార్ఖానానో ఉన్నవారు విడుదలైన ఒక్కరికైనా పని ఇవ్వండి. ఆదివారం పూజలో అతని పక్కన కూర్చోండి. చెరలో ఉన్నవానిలో తనను చూడమన్న ప్రభువు, విడుదలై వచ్చినవానిలోనూ మన గడపలో నిలిచి ఉన్నాడు.

ప్రభువు మిమ్ము దీవించునుగాక. ఆమెన్.