సంతానం లేకపోవడం పాపమా? రామాయణంలో ఏముంది?



2024 ఏప్రిల్ 19 గుర్తుందా? చిలుకూరు బాలాజీ గుడిలో సంతానం లేనివాళ్ళకి గరుడ ప్రసాదం ఇస్తారని తెలిసి, ఆ దారిలో కిలోమీటర్ల కొద్దీ ట్రాఫిక్ ఆగిపోయింది. ఆ కార్లలో ఒకటి మాది. ప్రసాదం దాకా వెళ్ళలేకపోయాం. కానీ చుట్టూ చూస్తే అన్నీ మాలాంటి జంటలే. అన్నేళ్ళూ మేమొక్కళ్ళమే అనుకున్నాం! ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. మరి మనకెందుకు కనపడరు? ఎవరూ చెప్పుకోరు కాబట్టి.

చెప్తే ముందు వినపడేది "ఏ జన్మ పాపమో" అనే మాట. ఒకసారి బంధువుల సీమంతంలో ఒక పెద్దావిడ నా చేతిలో గాజులు తీసేసుకుని, "నువ్వు కూర్చో అమ్మా, పిల్లల తల్లులు వేస్తార్లే" అంది. ఆవిడకి నా మీద కోపమేం లేదు. ఆచారం అనుకుంది, అంతే. ఆ రాత్రి నిద్రపట్టక బాలకాండ తీశాను.

వాల్మీకి మహర్షి ముందు అయోధ్య వైభవం, దశరథుడి ధర్మబుద్ధి సర్గల కొద్దీ చెప్తారు. ఆ తర్వాతే, అంతటివాడికీ వంశం నిలిపే కొడుకు లేడంటారు. ఫలానా పాపం వల్ల లేడని అక్కడ అనరు. దశరథుడు కూడా దాచుకోలేదు. వసిష్ఠుడు, వామదేవుడు లాంటి పెద్దల్ని పిలిపించి, కొడుకుల కోసం తపించిపోతున్నాను, నాకు సుఖం లేదు అని చెప్పేశాడు. యాగదీక్ష తనే పట్టాడు. కౌసల్యని ముందుకి తోసి తను వెనక నిలబడలేదు. ఇది చదివి మా ఆయన వైపు చూశాను. అప్పటికి నా రిపోర్టులు ఒక ఫైలు నిండా ఉన్నాయి, ఆయనవి ఒక్కటీ లేవు! తర్వాతి వారం ఆయన కూడా పరీక్ష చేయించుకున్నారు.

నన్ను బాగా పట్టేసింది మాత్రం అయోధ్యకాండలో కౌసల్య మాట. రాముడు అడవికి వెళ్తున్నానన్నప్పుడు ఆవిడ అంటుంది: నువ్వు పుట్టకపోయి ఉంటే, పిల్లలు లేరన్న ఒక్క బాధే ఉండేది, ఇంత దుఃఖం ఉండేది కాదు అని. దయచేసి దీన్ని "పిల్లలున్నా కష్టాలేలే" అని ఎవరినీ ఓదార్చడానికి వాడకండి, ఆ ఓదార్పు మేం చాలా విన్నాం. నాకు అందులో కనపడింది వేరు. ఆవిడ ఆ దిగులూ పడింది, ఈ దిగులూ పడుతోంది. పిల్లలు లేకపోవడాన్ని శోకం అంది. దోషం అనలేదు, శాపం అనలేదు.

శోకం ఉన్న మనిషి పక్కన కూర్చుంటాం. గాజులు లాక్కోం కదా?

మేం ఇంకా గుడికీ వెళ్తున్నాం, డాక్టరు దగ్గరికీ వెళ్తున్నాం. యాగం అయ్యాక దశరథుడి ఇంట్లో కూడా వెంటనే ఉయ్యాల కట్టలేదు. ఆరు ఋతువులు గడిచి, పన్నెండో నెలలో చైత్ర నవమి వచ్చింది. మాకు వస్తుందో రాదో ఆ స్వామికే తెలియాలి.

వచ్చే నెల మా ఆడపడుచు సీమంతం. గాజుల పళ్ళెం నన్నే తెమ్మంది.