పాతదైతే చాలా?

సెక్స్‌టెంట్ అనే ఇత్తడి పరికరం గురించి వినే ఉంటారు. నింగీ నీళ్లూ కలిసే గీత నుంచి సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడో 18వ శతాబ్దం నుంచీ నావికులు దానితో కొలిచేవారు. ఇప్పుడు వాటిని కొని అద్దాల బీరువాలో దాచుకునేవాళ్లున్నారు. వాళ్లడిగేది ఒకటే: ఎప్పటిది, ఎవరు చేశారు? లండన్ పనివాడు జెస్సీ రామ్స్‌డెన్ పేరుంటే ధర చుక్కలంటుతుంది. (పాతవాటిలా కనిపించే నకళ్లూ అమ్ముతారు, అది వేరే సంగతి.)

నావికుడి ప్రశ్న వేరు. ఇందులో తప్పెంత? ముల్లును సున్నా దగ్గర పెట్టి ఆ గీతను చూస్తాడు. గీత తెగి మెట్టులా కనబడిందా, దోషం ఉన్నట్టే. అదెంతో రాసుకుని ప్రతి కొలతనూ ఆ మేరకు సరిచేస్తాడు. తాత వాడినదైనా సరే, ఈ పరీక్ష తప్పదు. ఎందుకంటే కోణంలో ఒక్క నిమిషం తేడా వస్తే లెక్క ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు, తప్పుతుంది. చీకట్లో రాళ్ల తీరం దగ్గర పడితే ఓడ గతేంటి?

"పూర్వం నుంచీ ఉన్నదే" అన్న ఒక్క మాటతో మనవాళ్లను ఎన్ని తరాలు ఊరి బయట ఉంచారో మీకు చెప్పాలా? సరే, మరి మనం ప్రేమగా దాచుకున్నవాటిని కూడా ఇలాగే పరీక్షిస్తున్నామా? తప్పుందని నావికుడు పరికరాన్ని సముద్రంలో పారేయడు. రేపు మళ్లీ చూస్తాడు. ఎండకీ, కుదుపుకీ ఆ దోషం మారుతుంటుంది మరి.