ఇరవై యాంపియర్ల ఓర్పు

పోయిన వానాకాలం ఒక సాయంత్రం, ఔటర్ రింగ్ రోడ్డు మీంచి సుల్తాన్‌పూర్ దగ్గర కిందికి దిగుతుంటే జోరువానలో నా కారు వైపర్లు ఆగిపోయాయి. అద్దం మీద నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. మెల్లగా సర్వీస్ రోడ్డు పక్కకి తీసి ఆపాను. ఫోన్ లైటు వేసుకుని, స్టీరింగ్ కింద ఉన్న ఫ్యూజ్ బాక్స్ తెరిచి, వైపర్ ఫ్యూజ్ లాగి చూశాను. పసుపు ప్లాస్టిక్ లోపల లోహపు తీగ తెగిపోయి ఉంది. బాక్సులోనే ఉన్న స్పేర్ పసుపుది పెట్టాను. ఇంజనీరింగ్ చదువు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చిందని సంబరపడ్డానో లేదో, రెండు నిమిషాల్లో అదీ పోయింది.

ఇక మిగిలిన స్పేర్ ఆకుపచ్చది ఒక్కటే. పసుపు అంటే 20 యాంపియర్లు, ఆకుపచ్చ అంటే 30. సైజు ఒకటే, అదే గాడిలో పడుతుంది. వాన కాస్త తగ్గాక, మెడికల్ డివైసెస్ పార్క్ వైపు వెళ్ళే దారిలో ఒక మెకానిక్ షెడ్డు కనిపించింది.

"అన్నా, ఇది పెట్టెయ్యనా? ఇల్లు చేరితే చాలు" అన్నాను.

"ఇది ఏస్తే ఫ్యూజ్ పోదు సార్. వైరు కాలుతది" అన్నాడాయన.

బానెట్ ఎత్తి చూస్తే వైపర్ల మొదట్లో ఎండుటాకులూ మట్టీ గట్టిగా కూరుకుపోయి ఉన్నాయి. తిరగలేని మోటారు ఎక్కువ కరెంటు లాగుతోంది, అందుకే ఫ్యూజ్ పోతోంది. ఆయన చెత్త తీసి, ఆయిల్ వేసి, మళ్ళీ పసుపు ఫ్యూజే పెట్టాడు. మొత్తం ఇరవై నిమిషాల పని.

ఆ "వైరు కాలుతది" అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. ఫ్యూజ్ ముఖ్యంగా కాపాడేది మోటారుని కాదు, వైరుని. ఆ వైరు ఎంత కరెంటు మోయగలదో చూసి, దానికి లోబడే ఫ్యూజ్ రేటింగ్ పెడతారు. వేడి కరెంటుకి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 20 బదులు 30 పారితే వైరు 2.25 రెట్లు వేడెక్కుతుంది. డాష్‌బోర్డు వెనక, ఎవరికీ కనిపించని చోట. అంటే ఫ్యూజ్ ఎంత తట్టుకోవాలన్నది దాని సొంత బలాన్ని బట్టి కాదు, దాని వెనక ఉన్న వైరు ఎంత సన్నదన్న దాన్ని బట్టి తేలుతుంది.

మరి మన ఓర్పుని మనం దేన్ని బట్టి కొలుస్తున్నాం?

"భూదేవంత ఓర్పు" అని మెచ్చుకోవడం మనకి అలవాటు. ఎంత మోస్తే అంత గొప్ప. నేనూ ఆఫీసులో అలాగే పేరు తెచ్చుకున్నాను. పై నుంచి ఏ డెడ్‌లైన్ వచ్చినా "చూసుకుంటాం" అనేవాణ్ణి. అర్ధరాత్రి అలర్టులు ఎక్కువయ్యాయంటే వాటి పరిమితి పెంచేశాను. స్క్రీన్ ప్రశాంతంగా ఉండేది. నేను తట్టుకున్నాను కూడా. కానీ ఆ రాత్రులన్నీ నిజంగా మేలుకున్నది నా కింద చేరిన ఫ్రెషర్. వాడు ఒక్కసారీ కంప్లైంట్ చెయ్యలేదు. పది నెలలకి ఒంట్లో బాగుండటం లేదని రాజీనామా చేసి ఊరెళ్ళిపోయాడు. నేను తెగాల్సిన చోట తెగలేదు కాబట్టి వాడు కాలాడు. దాన్ని ఇన్నాళ్ళూ నా ఓర్పు అనుకున్నాను.

అలాగని ప్రతిదానికీ తెగిపోవడం ధర్మం అనను. వైపర్లకి 5 యాంపియర్ల ఫ్యూజ్ పెడితే మామూలు చినుకులకే పోతుంది, అప్పుడూ దారి కనిపించదు. నేను అడుగుతున్నది తక్కువ ఓర్పు కాదు, సరైన కొలత. "నేనెంత మోయగలను" అని కాకుండా, "నేను సరే అంటే ఆ బరువు చివరికి ఎవరి మీద పడుతుంది" అని.

ఈ పటాన్‌చెరు బెల్టులో ఇది ఉత్త ఉపమానం కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. కారణాలు తేల్చడం నా పని కాదు. కానీ ఆ దారిలో వెళ్ళినప్పుడల్లా, షిఫ్టు దిగి నడిచొచ్చే కూలీలని చూస్తే ఒకటే అనిపిస్తుంది: పైన ఎవరు దేనికి "సరే" అన్నా, సన్న వైరు వీళ్ళే. మెషిన్ ఆపితే పోయేది ఒక పూట ప్రొడక్షన్. ఆపాల్సినప్పుడు ఆపకపోతే పోయేదానికి స్పేర్ ఉండదు.

ఆకుపచ్చ ఫ్యూజ్ ఇంకా నా కారు బాక్సులోనే ఉంది. అది చెడ్డదేం కాదు, లావు వైరు ఉన్న చోట దాని పని అది చేస్తుంది. పోయిన నెల మళ్ళీ ఒక డెడ్‌లైన్ వచ్చింది. "ఈ తేదీకి మా టీమ్‌తో అవ్వదు" అన్నాను. కాల్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "ఏమైంది నీకు, నువ్వెప్పుడూ ఇలా అనవే" అన్నారు.

నిజమే. ఆ పిల్లాడు ఉన్నప్పుడే అనాల్సింది.