లంగరు వేసినా ఆగినట్టు కాదట!

ఏకాదశి ఉపవాసం నాడు కాఫీ తాగవచ్చా, తాగకూడదా? మన ఇళ్ళల్లో ఇదొక తెగని వ్యాజ్యం. కాఫీ ఆహారం కాదు కనక తాగవచ్చని ఒకరు. పాలు పోశాక ఆహారం ఎందుకు కాదని ఇంకొకరు. అన్నం తినకూడదు గానీ ఉప్పుపిండి తినవచ్చని మరొకరు. బియ్యం రవ్వతో చేసిన ఉప్పుపిండి అన్నం కాకుండా ఎలా పోయిందో ఆ బియ్యానికే తెలియాలి! వినడానికి నవ్వొచ్చే తగాదాయే గానీ, దీని అడుగున ఒక గట్టి ప్రశ్న ఉంది. ఒక పనిని "చేశాను" అని చెప్పుకోవాలంటే ఎంత చేస్తే చేసినట్టు? ఎక్కడ సడలిస్తే చెయ్యనట్టు?

ఈ ప్రశ్న మన వంటిళ్ళకే పరిమితం అనుకోకండి. నడిసముద్రంలోనూ ఉంది. తెరచాప పడవలో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూగోళం చుట్టి వచ్చే సాహసులు కొందరున్నారు. "చుట్టి రావడమంటే ఏమిటి? ఆగకుండా అంటే ఏమిటి? ఒంటరిగా అంటే ఏమిటి?" అని గట్టు మీద కూచుని తగువులాడేవాళ్ళు అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు. నేను సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూసినదాన్నే గానీ లోపలికి వెళ్ళినదాన్ని కాను. అయినా ఈ తగువులు చదువుతూంటే, ఇవన్నీ మన ఇంటి తగువులే కదా అనిపించింది.

ముందు "చుట్టి రావడం" సంగతి చూద్దాం. దీని మీద మొట్టమొదటి తగువు మన వినాయకచవితి కథలోనే ఉంది. ముల్లోకాల్లోని నదుల్లో స్నానం చేసి ముందుగా వచ్చినవాడికే ఆధిపత్యం అన్నారు. కుమారస్వామి నెమలి ఎక్కి వెళ్ళిపోయాడు. వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణ చేసి గెలిచాడు. కథ బాగానే ఉంది గానీ, అన్ని నదులూ తిరిగి అలిసిపోయి వచ్చిన ఆ రెండో పిల్లవాడి వైపు నుంచి ఎవరైనా ఆలోచించారా?

ఈ కాలపు పడవలవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. భూమికి 360 డిగ్రీలు, డిగ్రీకి 60 నాటికల్ మైళ్ళు. వెరసి 21,600. తెరచాప పడవల వేగానికి రికార్డులు రాసే ప్రపంచ మండలి ఒకటుంది. బయల్దేరిన చోటికే తిరిగి రావాలి, అన్ని రేఖాంశాలూ దాటాలి, భూమధ్యరేఖ దాటాలి, దారి కనీసం 21,600 మైళ్ళుండాలి అని ఆ మండలి లెక్క. ఇంత పట్టింపు ఎందుకంటే, దక్షిణ ధ్రువం దగ్గరికి పోయి అక్కడ ఒక చిన్న చుట్టు చుట్టినా రేఖాంశాలన్నీ దాటినట్టే అవుతుంది. గుడి చుట్టూ తిరగమంటే ధ్వజస్తంభం చుట్టూ తిరిగి వచ్చినట్టన్నమాట.

ఆస్ట్రేలియా పిల్ల జెస్సికా వాట్సన్ కథ ఇక్కడే చిక్కు పడింది. 2009 అక్టోబరు 18న గులాబిరంగు పడవలో సిడ్నీ నుంచి ఒంటరిగా బయల్దేరింది. 210 రోజుల తరవాత, 2010 మే 15న తిరిగి వచ్చింది. ఇంకో మూడు రోజులకి ఆమెకి పదిహేడేళ్ళు నిండుతాయి! భూమధ్యరేఖ దాటింది, హార్న్ అగ్రం చుట్టింది, ఆఫ్రికా కొన దాటింది. ఊరు ఊరంతా రేవుకి వచ్చింది, ప్రధానమంత్రి వచ్చి స్వాగతం చెప్పాడు. కానీ లెక్కలవాళ్ళు ఊరుకున్నారా? అలల మీద వంకరటింకరగా నడిచిన దూరం ఈ లెక్కలోకి రాదు. మలుపుకీ మలుపుకీ మధ్య దగ్గర దారి ఎంతో అదే లెక్క. అలా కొలిస్తే 21,600కి తక్కువ పడుతుందని తేల్చారు. పైగా "అందరికంటే చిన్నది" అనే పద్దే ఆ మండలి పుస్తకంలో లేదు. లెక్క తప్పని నేననను. కానీ ఆ పిల్ల ఒక్కతే సముద్రం మీద గడిపిన 210 రాత్రుల్లో, ఆ లెక్క వల్ల ఒక్క రాత్రయినా తగ్గిందా చెప్పండి!

ఇక "ఆగకుండా" అన్న మాట. ఇది మరీ విచిత్రం. 1968లో లండన్ పత్రిక సండే టైమ్స్ ఒక పందెం పెట్టింది. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి ముందుగా వచ్చినవాడికి బంగారు గోళం, అందరికంటే తక్కువ రోజుల్లో వచ్చినవాడికి 5,000 పౌన్లు. తొమ్మిది మంది బయల్దేరారు. అందులో చే బ్లైత్ అనే ఆయన ట్రిస్టన్ డ కున్హా అనే ద్వీపం దగ్గర లంగరేసి ఉన్న ఓడ పక్కన ఆగాడు. ఆ ఓడ కెప్టెన్ కూడా తనలాగే స్కాట్లండు వాడు. రమ్మని పిలిస్తే కాదనలేక ఎక్కాడు. ఓడవాళ్ళు ఆయన జనరేటరు బాగుచేసి, ఇంధనం పోసి పంపారు. అంతే, పందెం నుంచి అవుట్!

ముప్ఫై ఏళ్ళ తరవాత, 2000లో మొదలైన వాందే గ్లోబ్ అనే ఫ్రెంచి పందెంలో ఈవ్ పార్లియె అనే ఆయనకి తెరచాప కొయ్య విరిగిపోయింది. న్యూజిలాండు దక్షిణాన స్టూవర్ట్ ద్వీపం పక్కన లంగరు వేసి, రోజుల తరబడి ఒక్కడే ఆ కొయ్యని అతికించి నిలబెట్టుకున్నాడు. తిండి చాలక సముద్రపు నాచు తిన్నాడు. మొత్తం 126 రోజులకి గమ్యం చేరాడు. ఆయన ఆగినట్టు కాదట! ఎందుకంటే లంగరు తనది, చేతులు తనవి. బయటివాళ్ళ దగ్గర ఏమీ పుచ్చుకోలేదు.

అంటే ఏమిటన్నమాట? పడవ కదలకుండా నిలబడటం ఆగడం కాదు. ఇంకొకరి దగ్గర చెయ్యి చాపడమే ఆగడం. ఈ సూత్రం ఎంతదాకా పోయిందో వినండి. అదే 1968 పందెంలో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ న్యూజిలాండు తీరానికి వస్తే, కలుసుకున్న విలేఖరి ఆయనకి ఇంటి ఉత్తరాలు ఇవ్వలేదు. ఉత్తరం కూడా సహాయం కిందికే వస్తుందని నిబంధనట! నెలల తరబడి మనిషి మొహం చూడనివాడికి ఇంటి దగ్గర్నుంచి ఉత్తరమే ఇవ్వకపోవడం ఎంత నిర్దయ అనిపించింది మొదట. తరవాత ఆలోచిస్తే, ఆ నిబంధన రాసినవాడు మనసు తెలిసినవాడే అనిపించింది. హాస్టల్లో పిల్లని వదిలివచ్చిన ఏ తల్లినైనా అడగండి, ఉత్తరం సహాయం అవునో కాదో!

మరి "ఒంటరిగా" అంటే? 1968 నాటి పందేన్ని ఈమధ్య మళ్ళీ ఆ కాలపు పద్ధతిలోనే నడుపుతున్నారు. 2022లో అందులో దక్షిణాఫ్రికా స్త్రీ కిర్‌స్టెన్ నోయ్‌షేఫర్ పాల్గొంది. నవంబరులో హిందూ మహాసముద్రంలో తోటి పోటీదారు టాపియో లెహ్టినెన్ పడవ మునిగిపోయింది. ఆయన చిన్న రబ్బరు తెప్ప మీద మిగిలాడు. ఈమె తన దారి మళ్ళించుకుని వెళ్ళి, ఆయన్ని తన పడవలోకి ఎక్కించుకుని, సరుకుల ఓడకి అప్పగించి, మళ్ళీ తన దారిన తాను పోయింది. ఆ కాసేపూ ఆమె ఒంటరిది కాదు కదా! ఎవరైనా ఆ ప్రశ్న వేశారా? లేదు. ఆమెకి పోయిన గంటలు తిరిగి జమ కట్టారు. ఆ పందెంలో మొదటి స్థానం ఆమెది, రెండోది మన నౌకాదళంలో పనిచేసిన అభిలాష్ టామీది. సాయం పుచ్చుకుంటే రికార్డు పోతుంది, సాయం చేస్తే పోదు. ఈ తగువులన్నిట్లోనూ నాకు నచ్చిన తీర్పు ఇదొక్కటే.

"ఈ మాటల పట్టింపు మనకెందుకమ్మా, ఎవరు ఎలా చుట్టివస్తే ఏం?" అనవచ్చు మీరు. నేనూ అనేదాన్నే, డోనాల్డ్ క్రౌహర్స్ట్ కథ లేకపోతే.

ఆయనా 1968 పందెంలోనివాడే. ఇల్లూ వ్యాపారమూ ఒడ్డి బయల్దేరాడు. ఇంట్లో భార్యా, నలుగురు పిల్లలూ. పడవలో నీళ్ళు కారుతున్నాయి. ఆ పడవతో దక్షిణ సముద్రాల్లోకి పోతే చావు, వెనక్కి వస్తే దివాలా. రెండూ చెయ్యలేక అట్లాంటిక్‌లోనే తచ్చాడుతూ, భూమిని చుట్టి వస్తున్నట్టు దొంగలెక్కలు రాశాడు. అందరికంటే చివర వస్తే తన పుస్తకాలు ఎవరూ చూడరని ఆశ. కానీ ముందు పోతున్న నైజెల్ టెట్లీ, వెనక క్రౌహర్స్ట్ తరుముకొస్తున్నాడని నమ్మి, అప్పటికే దెబ్బతిన్న తన పడవని ఇంకా తోలాడు. 1969 మేలో, ఇంకో వెయ్యి మైళ్ళ పైచిలుకు దూరం ఉందనగా అది బద్దలై మునిగిపోయింది. మనిషి బతికాడు. అప్పటికే టెట్లీ తాను వెళ్ళిన దారిని తిరుగుదారిలో దాటి ఉన్నాడు. చుట్టు పూర్తయినట్టే, కానీ ఇల్లు చేరలేదు. ఇప్పుడిక వేగం బహుమతి క్రౌహర్స్ట్‌కే రావాలి. వస్తే లెక్కలన్నీ బయటపడతాయి. జూలై 10న ఆయన పడవ దొరికింది. మనిషి లేడు. పుస్తకాలు మాత్రం ఉన్నాయి, దొంగవీ నిజమైనవీ రెండూ.

"నావల్ల కాలేదు" అన్న మూడు ముక్కలు చెప్పగలిగి ఉంటే ఆ పిల్లలకి తండ్రి మిగిలేవాడు. ఇంకొకాయన పడవ మునిగేది కాదేమో. కాబట్టి మాటకి కొలత ఉండాలి. ఆ కొలత బయల్దేరేముందే అందరికీ తెలియాలి. నడిమధ్యలో మన వీలుని బట్టి దాన్ని సాగదీయకూడదు. అంతవరకూ నాకు అనుమానం లేదు.

అయితే కొలతకి అందనివాళ్ళందరూ దొంగలు కారు. 2022 పందెంలో సైమన్ కర్వెన్ అనే ఆయన అందరికంటే ముందుండగా గాలిని బట్టి పడవని నడిపే పరికరం విరిగింది. చిలీలో ఆగి బాగుచేసుకున్నాడు. ఒకసారి ఆగినవాళ్ళకి వేరే పద్దు ఉంది. 1966-67లో సిడ్నీలో ఒక్కసారే ఆగి భూమిని చుట్టిన ఫ్రాన్సిస్ చిచెస్టర్ పేరు దానికి పెట్టారు. కర్వెన్ 2023 ఏప్రిల్ 27న అందరికంటే ముందు రేవు చేరాడు, అదే రోజు తరవాత వచ్చిన కిర్‌స్టెన్‌ని విజేత అన్నారు. కర్వెన్ చుట్టింది భూమిని కాకపోయిందా? అయింది. "ఒకసారి ఆగి" అన్న మాట ముందు చేర్చి చెప్పుకోవాలి, అంతే.

మన నౌకాదళానికి చెందిన తారిణి పడవలో ఆరుగురు ఆడపిల్లలు 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చారు. అందులో స్వాతి విశాఖపట్నం పిల్ల, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు పిల్ల. దారిలో రేవుల్లో ఆగారు. మరమ్మతు కోసం అనుకోకుండా మారిషస్‌లోనూ ఆగారు. ఆగామనే చెప్పారు. ఒంటరిగానూ కాదు, ఆరుగురం కలిసి అని చెప్పారు. దానివల్ల ఆ ప్రయాణం పిసరంతైనా తగ్గిందా?

ఇప్పుడు గట్టు మీదకి వద్దాం. "ఎవరి సాయమూ లేకుండా నా అంతట నేనే పైకొచ్చాను" అనే పెద్దమనుషుల్ని మనం చూస్తూనే ఉంటాం. చెబుతున్నంతసేపూ ఆయన వెనకాలే, కాఫీ గ్లాసు పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంటుంది. ఆయన పైకి రాలేదని కాదు. వచ్చాడు. వాక్యంలోంచి ఒక మాట జారిపోయింది, అంతే. దొంగలెక్కలు రాయడమంత పాపం కాదిది. కానీ రెండూ ఒక కోవలోవే. మన ఆడవాళ్ళం మాత్రం తక్కువ తిన్నామా? "ఒంటి చేత్తో పిల్లల్ని పెంచాను" అంటాం గానీ, రెండేళ్ళు వచ్చి ఉండిపోయిన అత్తగారినో, గేటు దగ్గర పిల్లల్ని కనిపెట్టుకున్న పక్కింటి పిన్నిగారినో లెక్కలో చూపిస్తామా? సాయం పుచ్చుకోవడం నామోషీ కాదు. పుచ్చుకున్నది చెప్పకపోవడమే అప్పు ఎగవేత.

నాక్స్-జాన్‌స్టన్ ఆ పందెంలో మిగిలిన ఒకే ఒక్కడు. 1968 జూన్ 14న ఫాల్మత్ రేవు వదిలి, 312 రోజులకి, 1969 ఏప్రిల్ 22న అక్కడికే చేరాడు. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టిన మొదటి మనిషి ఆయనే అని చరిత్ర. ఆయన పడవ సుహైలీని టేకు కర్రతో కట్టింది బొంబాయిలో. ఆ వడ్రంగుల చేతిపని 312 రోజులూ ఆయన కాళ్ళ కిందే ఉంది. దాన్ని మాత్రం ఏ నిబంధనా సహాయం అనలేదు!

రెండు బహుమతులూ ఆయనకే వచ్చాయి. బంగారు గోళం ఉంచుకున్నాడు. 5,000 పౌన్లూ తీసుకెళ్ళి క్రౌహర్స్ట్ భార్యాపిల్లలకి ఇచ్చేశాడు. అది సహాయం కిందికి వస్తుందా రాదా అని మాత్రం ఎవరూ తగువు పడలేదు.